ఈత మానకుండా నీట్‌కి చదవడం కుదురుతుందా?

నమస్కారమండీ, మాది శ్రీకాకుళం. మా పాపకి నాగావళిలో ఈత నేర్పింది వాళ్ల తాతయ్య. ఇప్పుడు పోటీలకు వెళ్తోంది. డాక్టర్ అవ్వాలని కోరిక, ఈ ఏడు ఇంటర్ బైపీసీ. ఈత మానిపించేయమని కాలేజీవాళ్లు అంటున్నారు. పాపేమో అమెరికా స్విమ్మర్ జెన్నీ థాంప్సన్ పేరు చెబుతుంది. ఆవిడకి 1992 నుంచి 2004 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో 12 పతకాలు. 8 స్వర్ణాలూ రిలేల్లో వచ్చినవే. కొలంబియా యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతూనే మధ్యలో ఏథెన్స్ వెళ్లి రెండు రజతాలు తెచ్చారు. తర్వాత మత్తు డాక్టర్ అయ్యారు.

వింటే నాకూ ఆశే. కానీ ఇక్కడ నీట్ ఉంది కదా, అదే టెన్షన్. పొద్దున్న గంట ఈతకిస్తే చదువు దెబ్బతింటుందా? రెండేళ్లు మానేస్తే మళ్లీ ఆ వేగం వస్తుందా? పిల్లల్ని ఇలా చదివించినవాళ్లు దయచేసి చెప్పండి. హాస్టల్లో వేశారా, ఇంటి నుంచే పంపారా?