శతకానికి నూరు పద్యాలు ఉండి తీరాలా? ఖండకావ్యంతో తేడా ఎక్కడ?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, హైదరాబాదు):
అందరికీ నమస్కారం. శతకమంటే నూరు పద్యాల కృతి అని తరగతిలో రాసుకున్నాము. చిక్కడపల్లి గ్రంథాలయంలో చూస్తే కొన్ని శతకాల్లో నూటికి పైగానే పద్యాలున్నాయి. మరి శతకాన్ని దేనితో గుర్తుపట్టాలి? ఖండకావ్యాన్ని శతకమని ఎందుకు అనరు? పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (తెలుగు అధ్యాపకురాలు):
అమ్మా, సంఖ్యా నియమం ఉన్న మాట నిజమే కానీ నూరు గానీ నూట ఎనిమిది గానీ ఉండడం ఆచారం, అంతకు మించినా ఎవరూ కాదనరు. తెలుగులో శతకాన్ని పట్టి ఇచ్చేది మకుటం, అంటే ప్రతి పద్యం చివర మారకుండా వచ్చే సంబోధన. ఆ మకుటమే ఛందస్సును కూడా నిర్ణయిస్తుంది, పాఠ్యపుస్తకాలు దీన్ని ఎందుకో ఒక్క వాక్యంతో దాటేస్తాయి. కంచెర్ల గోపన్న మకుటం ‘దాశరథీ కరుణాపయోనిధీ’ తీసుకుని గురులఘువులు వేసి చూడండి. ఉత్పలమాల పాదంలోని చివరి పదకొండు అక్షరాలకూ, చంపకమాల పాదంలోని చివరి పదకొండు అక్షరాలకూ అది సరిగ్గా సరిపోతుంది, అందుకే ఆ శతకం ఆ రెండు వృత్తాల్లో నడిచింది. ‘సుమతీ’ అన్నది రెండు లఘువులు, ఒక గురువు కలిసిన సగణం కాబట్టి కంద పద్యం చివర చక్కగా ఒదిగింది.

జవాబు 2:
అధ్యాపకురాలి మాటకు చిన్న చేర్పు. మకుటం ఒక్క పదమే కానక్కరలేదు. మన ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో సీసం కింది ఎత్తుగీతి (సీస పద్యం నాలుగు పాదాల తర్వాత వచ్చే గీత పద్యం) చివరి రెండు పాదాలూ మకుటమే. మరోవైపు సంస్కృతంలో భర్తృహరి నీతిశతకానికి మకుటమే లేదు, కనుక ఇది తెలుగు శతకాల లక్షణమని రాయండి.

జవాబు 3 (పరిశోధక విద్యార్థి):
ఖండకావ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. శతకంలోని పద్యం ముక్తకం, అంటే ముందు వెనుక పద్యాల అవసరం లేకుండా తనంతట తానే పూర్తి అర్థాన్ని ఇస్తుంది. యాభయ్యో పద్యాన్ని మొదట చదివినా నష్టం లేదు. ఖండకావ్యంలో ఒకే సన్నివేశమో భావమో పద్యం నుంచి పద్యానికి సాగుతుంది. కరుణశ్రీ పుష్పవిలాపంలో పూజకు పూలు కోయబోయిన వ్యక్తితో పూలు మొరపెట్టుకుంటాయి, ఆ పద్యాల వరుస మారిస్తే ఆ మొర తెగిపోతుంది. పరీక్షలో నిర్వచనం కంటే ఈ తేడాను ఒక్కొక్క ఉదాహరణతో చూపితే దిద్దేవారికి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. అయితే వేమన పద్యాలు ముక్తకాలే, మకుటమూ ఉంది; సంఖ్య మాత్రం నూటికి ఎన్నో రెట్లు. వాటిని శతకం కింద రాయవచ్చా?

జవాబు 1:
వేమన శతకం పేరుతో మనం చదివేది ఆ పద్యాల్లోంచి ఏరి కూర్చినదే. కనుక శతకం కింద నిరభ్యంతరంగా రాయండి, ఎక్కువగా ఆటవెలదులేనన్న మాట మాత్రం మరవకండి.