పాత పత్రికల సైట్‌ను పాఠకులతో పరీక్షించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఏం అడగాలి?

పాలమూరు_లైబ్రరీ:

అందరికీ నమస్తే. మహబూబ్‌నగర్‌లో ఒక ట్రస్టు లైబ్రరీలో పనిచేస్తున్నాను. కింది హాలు పోటీ పరీక్షల పిల్లలతో కిటకిటలాడుతుంది కానీ నా అసలు పని మేడ మీది గదిలో. గోలకొండ పత్రిక విడి సంచికలు, నిజాం కాలంలో తెలుగువాళ్లు నడిపిన ఆంధ్ర మహాసభల కరపత్రాలు, గద్వాల వైపు నుంచి వచ్చిన తాళపత్రాలు, ఉర్దూ కాగితాలు, పాత బడుల గ్రూపు ఫోటోలు అక్కడున్నాయి. వాటిని స్కాన్ చేయించి విడిగా ఒక సైట్ పెట్టించారు.

సైట్ కట్టినవాళ్లు అప్పజెప్పిన రోజు ప్రొజెక్టర్ మీద చూపించారు. ఏది ఎక్కడుందో వాళ్లకు తెలుసు కాబట్టి అన్నీ టకటకా తెరుచుకున్నాయి. కమిటీ పెద్దలు చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. "అమ్మా, మీ సైట్‌లో ఉందన్నారు, ఎంత వెతికినా దొరకట్లేదు, కొంచెం వాట్సాప్‌లో పంపుతావా?" పంపుతూనే ఉన్నాను. ఇట్లయితే సైట్ ఎందుకు, నేనే సైట్.

చిక్కు ఎక్కడుందో కొంత అనుమానం ఉంది. మా దగ్గరున్నవన్నీ ఇచ్చినవాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. ఫలానా వకీలు గారి కాగితాలు, ఫలానా పంతులు గారి తాళపత్రాలు అని. ఒకరి దగ్గర నుంచి వచ్చినవాటిని విడదీయకుండా, వచ్చిన వరుసలోనే ఉంచాలన్నది ఆర్కైవుల పద్ధతి. దాన్ని నేను తప్పుపట్టను. కానీ 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలో జరిగిన మహాసభ గురించి రాస్తున్న విద్యార్థికి, ఆ కరపత్రం ఏ వకీలు గారి మూటలో ఉందో ఎట్లా తెలుస్తుంది? మొన్న ఒక అమ్మాయి నా ఎదురుగానే సైట్ ముందు పేజీలోని దాతల ఫోటోలన్నీ పైకీ కిందికీ జరిపి, చివరికి "మేడం, ఇది సన్మానాల సైటా?" అని అడిగింది.

కమిటీకి చెబితే "అలవాటవుతుందిలే" అంటున్నారు. దాతల ఫోటోలు కదిలిస్తామంటే అసలే ఊరుకోరు. అందుకే పాఠకులతో పరీక్ష చేయించి, జరిగింది చూపిద్దామని ఉంది. డబ్బులు లేవు, ఒక లాప్‌టాప్ ఉంది. ఎంతమంది కావాలి? మా స్టాఫ్‌తో చేయిస్తే చాలదా? పది ప్రశ్నల స్కోరు ఫారం ఒకటి ఉందట. అది నింపిస్తే కమిటీ ముందు పెట్టడానికి ఒక అంకె దొరుకుతుందా?

మిర్యాలగూడ_డిజైనర్:

అక్కా, స్టాఫ్ వద్దు. వకీలు గారి మూట ఎక్కడుందో వాళ్లకు ముందే తెలుసు. హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగం యాప్‌లను ఇట్లా పరీక్షించడమే, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా.

ఐదుగురితో ఒక విడత చేస్తే దాదాపు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక మీద పనిచేసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం బయటికొస్తాయన్న అంచనా మీద కట్టిన లెక్క అది. వాడేవాళ్లు మూడు నాలుగు రకాలవాళ్లయితే రకానికి ముగ్గురు చాలని కూడా ఆయనే అన్నాడు. మీకు పరిశోధక విద్యార్థులు, రిటైరైన సార్లు, తాత పేరు కోసం వెతికే మనవళ్లు సరిపోతారు. అందరినీ ఒకే రోజు పిలిచి ముగించకండి. కొందరితో చేసి, కనబడ్డ లోపం సరిచేసి, మిగతావాళ్లతో మళ్లీ చేయండి.

మీరిచ్చే పనిలో సైట్ మీదున్న మాట రాకూడదు. "కరపత్రాలు విభాగంలోకి వెళ్లండి" అంటే ఎవరైనా వెళ్తారు, అందులో తెలిసేదేమీ లేదు. "1944లో భువనగిరి మహాసభ నాటికి ఆంధ్ర మహాసభ చీలిపోయింది కదా, ఆ రోజుల్లో అచ్చయిన కాగితం ఒకటి మీ వ్యాసానికి కావాలి, వెతకండి" అనండి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది మొహమాటం. పిలిచింది మీరు, చాయ్ ఇచ్చింది మీరు, "చాలా బాగుందమ్మా" అనకుండా ఎవరుంటారు? కాబట్టి అభిప్రాయం అడగొద్దు. మనసులో అనుకునేది పైకి అంటూ పని చేయమనండి. "సైట్ నేను కట్టలేదు, తిట్టినా ఏమీ అనుకోను" అని ముందే చెప్పండి. వాళ్లు తికమకపడుతుంటే మీ చేయి తనంతట తానే మౌస్ మీదికి పోతుంది. ఆపుకోవాలి. "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే "నేను పక్కన లేకపోతే ఏం చేసేవాళ్లు?" అని మీరే అడగండి. మొదటి క్లిక్ ఎక్కడ పడిందో మాత్రం తప్పకుండా రాసుకోండి.

మీరడిగిన పది ప్రశ్నల ఫారం జాన్ బ్రూక్ అనే ఆయన 1986లో తయారు చేసింది. స్కోరు వందకు వస్తుంది కానీ అది శాతం కాదు, 68 దగ్గర సగటు అంటారు. పది మంది కూడా లేనిచోట ఆ అంకెను నమ్ముకోవద్దు. కమిటీకి రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ చూపించండి. కూర్చున్నవాళ్ల అనుమతి ముందే తీసుకోండి. ముఖం అక్కర్లేదు, స్క్రీన్, గొంతు చాలు.

వనపర్తి_మాజీ_లెక్చరర్:

లాప్‌టాప్ ముందు మమ్మల్ని కూర్చోబెట్టి ఏం పరీక్షమ్మా? నేను ఏది చదివినా ఫోన్‌లోనే. ఇట్లాంటి సైట్లలో ఒక పేజీ స్కాన్ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. తెరుచుకున్నాక రెండు వేళ్లతో పెద్దది చేద్దామంటే కాగితం కదలదు, పైనున్న మెనూ పెద్దదవుతుంది. నా పరీక్ష నా ఫోన్‌లో, నా సిగ్నల్ మీద జరగాలి.

తర్వాత జిల్లాల గోల. 2016 అక్టోబరుకు ముందు మా వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల అన్నీ మహబూబ్‌నగర్ జిల్లానే. షాద్‌నగర్ కూడా మాదే, ఇప్పుడు రంగారెడ్డిలో ఉంది. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన మహాసభ కాగితం ఏ జిల్లా కింద పెట్టారు? నేను మహబూబ్‌నగర్ కింద చూస్తాను, మా మనవరాలు రంగారెడ్డి కింద చూస్తుంది. ఇద్దరికీ దొరకాలి. సూర్యాపేట, భువనగిరి విషయంలో నల్లగొండ వాళ్లకూ ఇదే బాధ. ఆ ఊరి పేరునైనా అందరూ ఒకేలా రాస్తారా? కొందరు నల్లగొండ, కొందరు నల్గొండ. 1922లో అక్కడి నుంచి వెలువడిన పత్రిక పేరేమో నీలగిరి.

నిజాం కాలం కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే అప్పటి సర్కారు లెక్క సంవత్సరం ఉంటుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. పోలీసు చర్య ఆ ఏడాది చివర్లో జరిగింది. మీ సైట్‌లో సంవత్సరం అడిగే గడి ఉంటే 1357 కొట్టి చూడండి. తిన్నగా బహమనీ సుల్తానుల కాలానికి తీసుకుపోతుందేమో!

ఒక చిన్న మాట. మీకు ఫోన్ చేసేవాళ్లలో 1954-55 ఖాస్రా పహాణీ కావాలనేవాళ్లు తప్పకుండా ఉంటారు. భూమి రికార్డులు మా దగ్గర లేవని ముందు పేజీలోనే రాసి పెట్టండి. మీకూ వాళ్లకూ తిప్పలు తప్పుతాయి.

నల్లగొండ_కేటలాగు:

సార్ చెప్పినవన్నీ మూటల వరుస చెడగొట్టకుండానే సరిచేయవచ్చు మేడం. మూట మూటగానే ఉంటుంది. ఒక్కో కాగితం వివరాల్లో అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి. తేదీ కాగితం మీదున్నది ఉన్నట్టు ఒక గడిలో, క్రీస్తు శకం ఇంకో గడిలో. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. నెల తెలియకపోతే రెండు సంవత్సరాలూ వేయండి.

అక్షరాల సంగతి ఇంకా ఉంది. కేటలాగులో మనం అచ్చులో ఉన్నట్టే ఱ, అరసున్న పెట్టి రాస్తాం. వెతికేవాళ్లు ఇప్పటి రాతలో కొడతారు. యూనికోడ్‌లో ర, ఱ వేర్వేరు అక్షరాలు, అందుకే ఒకటి కొడితే ఇంకోటి రాదు. నాగర్‌కర్నూల్ అని రాయడానికి ర్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి వేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది వేసినవాళ్లు కొట్టే పేరు, వేయనివాళ్లు కొట్టే పేరు కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. వెతికేటప్పుడు ఈ తేడాలు పట్టించుకోకుండా చేయమని సైట్ కట్టినవాళ్లను అడగండి. పెద్ద పనేం కాదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన జాబితాలేమైనా ఉంటే మాత్రం యూనికోడ్‌లోకి మార్చక తప్పదు.

డిజైనర్ గారితో ఒక్కచోట నాకు పేచీ. ముగ్గురు, ఐదుగురు అన్నది పేజీల అమరికకు సరే, వెతుకులాటకు చాలదు. ఒకే ఊరిని జనం ఎన్ని రకాలుగా రాస్తారో ఐదుగురిలో తేలదు. ఫలితం ఏమీ రాని మాటల జాబితా దాచిపెట్టమని చెప్పి, నెలకోసారి తీసి చదవండి.

మిర్యాలగూడ_డిజైనర్:

పేచీ ఏమీ లేదన్నా, ఆ జాబితా కావాల్సిందే. అయితే అందులో ఏం కొట్టారో కనబడుతుంది, ఎందుకు విసుగొచ్చి వెళ్లిపోయారో కనబడదు. అక్క రెండూ చేస్తే మంచిది.

పాలమూరు_లైబ్రరీ:

అందరికీ థాంక్స్. మొదటి విడత అయింది. పరిశోధక విద్యార్థి మా సైట్‌లో వెతికే గడిని చూడనే లేదు. ఫోన్ తీసి గూగుల్‌లో కొట్టి, అక్కడి నుంచి మా సైట్‌లోకే ఇంకో దారిన వచ్చాడు! తాత కోసం వచ్చిన కుర్రాడు ఇంటిపేరుతో సహా పేరు కొట్టాడు. ఆ తాత బడి ఫోటోలో రెండో వరుసలో ఉన్నాడు, పేరు ఫోటో వెనక పెన్సిల్‌తో రాసి ఉంది. మేం వెనక వైపు స్కాన్ పెట్టాం కానీ పేర్లు ఎక్కించలేదు. ఈ సంగతి ఏ ఫారం నింపించినా తెలిసేది కాదు. ఒక రిటైర్డ్ సారు దాతల పేజీ చూసి "ఇంతేనా?" అని ఫోన్ పక్కన పెట్టేశారు. ఫోటో మీద నొక్కితే లోపలికి వెళ్లవచ్చని ఆయనకు తట్టలేదు. ఎందుకు తట్టాలి?

రికార్డింగ్‌లో ఈ సారు ముక్కను కమిటీ కార్యదర్శి గారికి చూపించాను. సగంలోనే ఆయన స్క్రీన్ వైపు చేయి చాపి "అక్కడే ఉంది కదయ్యా, నొక్కు!" అని గట్టిగా అన్నారు. రికార్డింగ్‌కు వినబడదు కదా. ఆ తర్వాత నేను పెద్దగా వాదించాల్సిన పని పడలేదు. వెతికే గడి, ఊరు, సంవత్సరం ముందు పేజీలో పైకి వస్తాయి. దాతల ఫోటోలు వేరే పేజీకి పోతాయి. ప్రతి కాగితం కింద ఇచ్చినవారి పేరు వేద్దామంటే ఒప్పుకున్నారు.

వనపర్తి సార్, రెండో విడత మీ ఫోన్‌లోనే. నేనే మీ ఇంటికి వస్తాను, వీలైన రోజు చెప్పండి. ఇక మిగిలింది ఉర్దూ కాగితాలు. వాటి కింద తెలుగులో ఒక వాక్యమైనా లేకపోతే ఎవరికీ దొరకవు. శికస్తా రాత, అంటే ఉర్దూ గొలుసుకట్టు చేతిరాత చదవగలిగినవాళ్లు మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎవరైనా మీకు తెలుసా?