నిష్పత్తి అలాగే ఉంది, తేడా తగ్గింది: ఏది చూడాలి?

అందరికీ నమస్కారం. ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్‌కి విలియం స్ప్రిగ్స్ పరిశోధనను ఎంచుకున్నాను. హోవార్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్, 2023లో చనిపోయారు. ఒబామా హయాంలో కార్మిక శాఖలో పనిచేసి, ఆ తర్వాత అమెరికా కార్మిక సంఘాల సమాఖ్యకు ముఖ్య ఆర్థికవేత్త అయ్యారు. పీహెచ్‌డీ మాత్రం గత శతాబ్దం మొదట్లో వర్జీనియా నల్లజాతివారు ఆస్తి ఎలా కూడబెట్టారన్న దాని మీద! అక్కడి నుంచి వడ్డీ రేట్ల దాకా వచ్చారంటే నాకు భలే అనిపించింది.

అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ తొందరపడి వడ్డీ రేట్లు పెంచితే ముందు దెబ్బతినేది నల్లజాతి కార్మికులేనని ఆయన గట్టిగా వాదించేవారు. నేను ఇరుక్కుపోయింది ఇక్కడే. 2010లో నల్లజాతివారి నిరుద్యోగం 16 శాతం, శ్వేతజాతివారిది 8.7. 2019కి అవి 6.1, 3.3 అయ్యాయి. తేడా 7.3 పాయింట్ల నుంచి 2.8కి పడిపోయింది. కానీ భాగించి చూస్తే రెండేళ్లలోనూ దాదాపు 1.8 రెట్లే! రాత్రి మూడుసార్లు లెక్క వేశాను, అదే వస్తోంది.

మరి అసమానత తగ్గినట్టా, కాదా? చదువులో తేడాలే కారణమని మా సార్ తేల్చేశారు. నాకు అది మింగుడు పడటం లేదు. ఒకే డిగ్రీ ఉన్నవాళ్లను పోల్చే లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? లేబర్ ఎకనామిక్స్ తెలిసినవారు కాస్త దారి చూపండి. శుక్రవారమే సెమినార్, టెన్షన్‌గా ఉంది.