పట్టాలెక్కిన ట్రాక్టరు లాగుతుంది సరే, ఆపేదెలా?

(మారుపేర్లతో నలుగురి మధ్య సాగిన మాటలివి.)

ఫిష్‌ప్లేటు: చల్లారిన పాత ఆవిరి ఇంజన్ని షెడ్డులోంచి బయటికి లాగాలి. టెండరుతో (బొగ్గు, నీళ్ల పెట్టెతో) కలిపి 100 టన్నులు, వాలు 1:200, బ్రాడ్‌గేజ్. గైడు చక్రాలు (పట్టా తప్పకుండా నడిపే చిన్న ఉక్కు చక్రాలు) బిగించిన 6 టన్నుల ట్రాక్టరు చాలుతుందా?

మీటర్‌గేజ్: 1:200 వాలంటే టన్నుకు 5 కిలోలు, అంటే వాలుకే 500 కిలోల లాగుడు. పాత ఇత్తడి బేరింగులు నిలబడిన చోటు నుంచి కదలాలంటే టన్నుకు 10 కిలోల పైనే అడుగుతాయి. మొత్తం 1500 దాటుతుంది. పొడి పట్టా మీద 6 టన్నులు సరిపోతాయి, తడిస్తే టైర్లు గిర్రున తిరుగుతాయి. పైగా ఆ 6 టన్నులూ టైర్ల మీదే ఉండవు. గైడు చక్రాలను గట్టిగా దించితే టైర్ల బరువు తగ్గి పట్టు పోతుంది. మరీ తేలిగ్గా వదిలితే ఫ్లాంజి (గైడు చక్రం లోపలి అంచు) పట్టా ఎక్కేస్తుంది.

గ్యాంగ్‌వే: అసలు టైరు పట్టా మీద కూర్చుంటుందో లేదో మొదట చూడండి. గేజు (పట్టాల లోపలి అంచుల మధ్య దూరం) 1676, పట్టా తల సుమారు 70 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు వెనక టైర్ల నడిమధ్యల దూరం 1745 దగ్గర ఉండాలి. చాలా ట్రాక్టర్లకు రిమ్ములు తిప్పి బిగిస్తే ఈ దూరం మారుతుంది. పొలం టైర్ల గుబ్బలు 70 మిల్లీమీటర్ల తల మీద సరిగా ఆనవు, నున్న టైర్లు మేలు.

జపాన్ తొకుషిమా ప్రాంతంలో 2021 డిసెంబర్ 25న మొదలైన రోడ్డు-రైలు బస్సులోనూ ఇదే కిటుకు: ముందు ఉక్కు చక్రాలు దిగి ముందు టైర్లను గాల్లోకి ఎత్తుతాయి, వెనక లోపలి టైర్లు పట్టాను తోస్తాయి. 1944లో బర్మాలో సైన్యం జీపులకు నేరుగా రైలు చక్రాలే తగిలించి మీటర్‌గేజ్ మీద పెట్టెలు లాగించింది.

బ్రేకుబ్లాకు: లాగుడు లెక్క సరే, ఆపుడు లెక్కో? ఆవిరి లేని ఇంజనుకు తన బ్రేకు ఉండదు. 100 టన్నులు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే 1500 కిలోల బ్రేకు చదునులో ఆరున్నర మీటర్లలో ఆపుతుంది, 1:200 పల్లంలో దాదాపు 10 మీటర్లు. వేగం 10 చేస్తే దూరం నాలుగింతలు. బేరింగుల రాపిడి కొంత సాయపడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. టెండరు చేతి బ్రేకు దగ్గర మనిషి ఉండాలి, కదిలించే ముందే బ్రేకు పట్టుతోందో చూడాలి. యాక్సిల్ బాక్సుల్లో (ఇరుసు బేరింగుల పెట్టెల్లో) నూనె పోసి, సిలిండర్ డ్రెయిన్ కాక్‌లు (సిలిండర్ అడుగున ఉండే కుళాయిలు) తెరవండి.

టైరు ఉక్కు చక్రాన్ని నొక్కి తిప్పే రకం యంత్రమైతే ఇంకో గండం ఉంది. టైరు నేల వదిలి చక్రాన్ని ఇంకా తాకని ఆ కాసేపు బ్రేకు అసలు ఉండదు. వాలు మీద పట్టా ఎక్కించారో, జారిపోతుంది.

గ్యాంగ్‌వే: లెవెల్ క్రాసింగ్ గాడిలో కంకర ఇరుక్కుంటే గైడు చక్రం అక్కడే పైకి లేస్తుంది. ఎక్కే ముందు గీకేయండి. స్టీరింగు తిన్నగా లాక్ చేయడం మరవకండి. రబ్బరు టైర్లు ట్రాక్ సర్క్యూట్‌ను (పట్టాల మీద బండి ఉందని సిగ్నలుకు తెలిపే కరెంటు వలయాన్ని) కలపవు కాబట్టి సిగ్నలుకు మీరక్కడ ఉన్నట్టే తెలియదు. లైను మూయించుకోకుండా పట్టాల మీదికి వెళ్లకూడదు.

ఫిష్‌ప్లేటు: గొలుసుతో కట్టొచ్చా?

బ్రేకుబ్లాకు: వద్దు. ట్రాక్టరు బ్రేకు వేయగానే ఇంజను వచ్చి వెనక గుద్దుతుంది. గట్టి కడ్డీ వాడండి, రెండు కొనలూ ఒకే ఎత్తులో ఉండాలి. ట్రాక్టరు హుక్కు కిందా, కప్లింగు పైనా ఉంటే లాగినప్పుడల్లా కడ్డీ వెనక టైర్లను పైకెత్తుతుంది. పట్టు అక్కడే పోతుంది.