బీకామ్‌లో రెండు పేపర్లు మిగిలాయి, సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపే అయింది. రెజ్యూమేలో ఎట్లా రాయాల?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
అందరికీ నమస్తే. ఎస్వీయూ కిందుండే కాలేజీలో బీకామ్ చదివినా. మూడేళ్లూ అయిపోయినాయి గానీ రెండు పేపర్లు నిలిచిపోయినాయి. సీఏ ఇంటర్‌లో గ్రూప్ 1 పాసైనా, గ్రూప్ 2 ఇంకా రాయాల. శ్రీసిటీలో ఒక కంపెనీకి అకౌంట్స్ అసిస్టెంట్ కావాలంట. కన్సల్టెన్సీ ఆయనేమో "బీకామ్, సీఏ ఇంటర్ అని వేసెయ్ప్పా, పిలిచినాక చూసుకుందాం" అంటా ఉండాడు. వేస్తే ఇబ్బందా? ఉన్నదున్నట్టు రాస్తే అసలు పిలుస్తారా?

జవాబు 1 (తిరుపతి):
అందరూ అట్లానే వేస్తారు తమ్ముడూ. పని తెలుసా లేదా అనే చూస్తారు.

జవాబు 2 (శ్రీసిటీ, హెచ్ఆర్):
పై మాట వినొద్దు. పని తెలుసా అని చూసేది ఇంటర్వ్యూ వరకే. ఆఫర్ ఇచ్చినాక ప్రొవిజనల్ (డిగ్రీ పాసైనట్టు ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్), కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో అడుగుతాం. వాటిని వెరిఫికేషన్‌కు పంపితే నిజమా కాదా అని యూనివర్సిటీ పరీక్షల విభాగాన్నే అడిగి తేల్చుకుంటారు. పేపర్లు మిగిలుంటే నీ చేతిలో ప్రొవిజనలే ఉండదు, ఇంక చూపించేదేముంది? చేరినాక బయటపడితే ఉద్యోగమూ పోతుంది, ఆ అనుభవాన్ని తర్వాతి కంపెనీకి చెప్పుకోవడానికీ ఉండదు. బ్యాక్‌లాగ్ ఉందని ముందే చెప్పినవాళ్లను మేం తీసుకున్నాం. దాచి దొరికినవాళ్లను ఉంచుకున్నది లేదు.

రాసేది ఇట్లా: "బీకామ్, ఎస్వీ యూనివర్సిటీ, 2022–25, రెండు పేపర్లు పెండింగ్." ఆ "పెండింగ్" అదే లైన్లో ఉండాల, కింద ఎక్కడో చిన్నక్షరాల్లో కాదు. ఉత్త "2022–25" అని వదిలేస్తే చదివేవాళ్లు పాసైనావనే అనుకుంటారు. ఒక్క అబద్ధం రాయకుండానే అబద్ధం చెప్పినట్టు. సప్లిమెంటరీకి ఫీజు కట్టుంటే ఆ ముక్క కూడా చేర్చు, కట్టకుంటే చేర్చొద్దు. చదువు మధ్యలో మానేసినవాళ్లు కూడా "పర్స్యూయింగ్" (ఇంకా చదువుతున్నా) అని పెడతా ఉంటారు, అది వద్దే వద్దు.

జవాబు 3 (తిరుపతి, ఆడిటర్ ఆఫీసు):
సీఏ సంగతి నేను చెప్తా. "సీఏ ఇంటర్" అని ఊరికే రాస్తే రెండు గ్రూపులూ అయినట్టే లెక్క. "సీఏ ఇంటర్, గ్రూప్ 1 పాస్, గ్రూప్ 2 రాయాల్సి ఉంది" అని రాయి, పాసైన నెల, సంవత్సరం వెయ్యి. దీన్ని తక్కువ చేసుకోవాల్సిన పని లేదు. కొత్త స్కీములో గ్రూప్ 1 అంటే అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కార్పొరేట్ అండ్ అదర్ లాస్ (కంపెనీ, ఇతర చట్టాలు), ట్యాక్సేషన్. ట్యాక్సేషన్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ రెండూ ఉంటాయి. అకౌంట్స్ అసిస్టెంట్‌కు కావాల్సింది చాలావరకు అందులోనే ఉంది. ఆ పేపర్ల పేర్లు రెజ్యూమేలో కనపడనీ.

ఇంకొకటి. గ్రూపు పోయినా ఒక పేపర్లో 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఎగ్జెంప్షన్ (ఆ పేపర్ మళ్లీ రాయకుండా మినహాయింపు) వస్తుంది గదా, దాన్ని పాస్ కింద రాసేవాళ్లున్నారు. అది పాస్ కాదు. పేరు ముందు "సీఏ" అని పెట్టుకునేది కూడా ఇన్‌స్టిట్యూట్ మెంబర్లే. ఫైనల్ పాసైనా మెంబర్‌షిప్ తీసుకునేదాకా పెట్టకూడదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టంలో సెక్షన్ 24 దీనికే ఉంది, మెంబర్ కాకుండా అట్లా చెప్పుకుంటే శిక్ష.

అడిగినాయన:
థ్యాంక్స్ అన్నా, మేడమ్‌కు కూడా. ఆన్‌లైన్ ఫారంలో "హయ్యెస్ట్ క్వాలిఫికేషన్" అని ఉంది. గ్రాడ్యుయేట్, ఇంటర్ రెండే ఉండాయి. పెండింగ్ అని రాసే చోటే లేదు.

జవాబు 2:
ఇంటర్ పెట్టు. నీ సీఏ ఇంటర్ కాదు, ఉత్త ఇంటర్మీడియట్. పూర్తయినదాంట్లో అదే పెద్దది. ఫారం కింద "పై వివరాలన్నీ నిజం" అని టిక్ పెట్టేది నువ్వే, కన్సల్టెన్సీ ఆయన కాదు. బీకామ్, గ్రూప్ 1 వివరం రెజ్యూమేలో ఎట్లాగూ ఉంటుంది. ప్రకటనలో "డిగ్రీ తప్పనిసరి" అని ఉంటే ఫారం నిన్ను అక్కడే ఆపేయొచ్చు. అప్పుడు హెచ్ఆర్ మెయిల్‌కు నేరుగా పంపు, మొదటి రెండు లైన్లలోనే విషయం చెప్పు. ప్రైవేటులో కొందరు సర్దుకుంటారు. ఏపీపీఎస్సీ లాంటివాటికి ఆ మాటే లేదు, నోటిఫికేషన్ తేదీకి అర్హత చేతిలో ఉండాల్సిందే.

జవాబు 3:
గ్రూప్ 1 మార్కుల షీటు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకో. అడగకముందే ఇస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి. జీఎస్టీఆర్-3బీ (జీఎస్టీ రిటర్న్) ఎట్లా వేస్తారని మాత్రం తప్పకుండా అడుగుతారు, అది చూసుకుని పో.