మంచినీళ్ల లైనుకు ఏ పైపు వేయించాలి?

ప్రశ్న:
మా ఇంట్లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు వేసి 30 ఏళ్లు దాటింది. పొద్దున్నే కుళాయి తిప్పితే మొదటి రెండు చెంబులు ఎర్రగా వస్తాయి, తర్వాత తేటపడతాయి. పోయిన వారం వంటింటి గోడలో ఒక ముక్క కోయించి చూశాను. అంగుళం పైపులో చిటికెన వేలు దూరనంతగా తుప్పు పేరుకుంది. ఇన్నాళ్లూ పిల్లలకు పట్టింది ఈ దారిన వచ్చిన నీళ్లేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకరు రాగి అంటారు, ఒకరు సీపీవీసీ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) అంటారు, మరొకరు తెల్ల పీవీసీ చాలంటారు. మిద్దె మీద ట్యాంకు దగ్గర పైపు ఎండలోనే ఉంటుంది, బాత్రూములో గీజరు ఉంది. ఏది వేయించమంటారు?

జవాబు (ప్లంబర్, 22 ఏళ్ల అనుభవం):
ఇంటి లోపలికి సీపీవీసీ వేయించండి. 93 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది కాబట్టి చన్నీళ్లకూ వేణ్నీళ్లకూ అదే సరిపోతుంది. మామూలు పీవీసీ చన్నీళ్లకు మాత్రమే. వేడి తగిలితే మెత్తబడుతుంది. అందులోనూ మురుగునీటి కోసం చేసిన పైపును మంచినీళ్లకు ఎప్పుడూ వాడకండి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ దాని తయారీలో కలిపే పదార్థాలను తాగే నీటిని దృష్టిలో పెట్టుకుని ఎంచరు. తాగునీటికి పనికివస్తుందన్న ముద్ర పైపు మీదే ఉండాలి. ఎల్బోలు, టీలు, కుళాయిల మీద కూడా చూడండి. పైపు మంచిదై కుళాయి ఇత్తడిలో సీసం ఎక్కువుంటే ప్రయోజనం లేదు.

నేను వెళ్లి చూసిన లీకుల్లో ఎక్కువ భాగం జాయింట్ల దగ్గరే. సాల్వెంట్ సిమెంటు (ప్లాస్టిక్ పైపులను అతికించే జిగురు) పూశాక డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వకుండా నీళ్లు వదిలేస్తారు. ఆరాక కూడా లైనంతా బాగా కడిగి, వాసన పోయాకే తాగండి. మిద్దె మీది పైపుకు ఎండ తగలకుండా తొడుగు వేయించండి. ఎండకు సీపీవీసీ పెళుసుబారుతుంది.

జవాబు (నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను):
రాగి కొనేముందు నీటి పీహెచ్ (ఆమ్లగుణం కొలత, 7 అంటే తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూడండి. 6.5 కంటే తక్కువుంటే నీళ్లు రాగిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. సింకులో నీలిపచ్చ మరకలు కనిపిస్తే అదే కారణం. తాగే నీటిలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఆర్వో యంత్రం నుంచి వచ్చే నీళ్లను రాగి పైపులో పంపకండి. ఖనిజాలు లేని ఆ నీళ్లు లోహాన్ని ఇంకా త్వరగా తింటాయి. నీళ్లు తటస్థంగా ఉంటే మాత్రం రాగి దశాబ్దాలు నిలుస్తుంది, దాన్ని తక్కువ చేయను.

ప్రశ్న అడిగినవారు:
పరీక్ష చేయించాను, పీహెచ్ 6.2. రాగి ఆలోచన మానుకున్నాం. నేలలో బోరు నుంచి ట్యాంకుకు వెళ్లే జీఐ పైపును అలాగే ఉంచవచ్చా? తవ్వడమంటే పెద్ద పని.

జవాబు (ప్లంబర్):
ఆ పీహెచ్‌కు జీఐ మీది జింకు పూత కూడా నిలవదు. ఆ పైపు ఉన్నంత కాలం తుప్పు ట్యాంకులోకి వస్తూనే ఉంటుంది. శ్రమ అయినా తీయించి నల్లటి హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్) పైపు వేయించండి. చుట్టలుగా వస్తుంది కాబట్టి మధ్యలో అతుకులు తక్కువ, నేలలో తుప్పు బాధ లేదు. అన్నీ మార్చాక ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కడిగించడం మరువకండి. పని పూర్తయ్యేదాకా పొద్దున ఎర్ర నీళ్లు పోయి, చల్లగా తేటగా వచ్చాకే తాగడానికి పట్టండి. గీజరు నీళ్లు వంటకు వాడకండి, వేడి నీళ్లలో లోహాలు ఎక్కువగా కరుగుతాయి.