అప్‌డేట్: పూత మొత్తానికి గాజుకి అంటుకుంది

పోయిన నెల అడిగాను కదా, హ్యూమిడిఫయర్‌లో (గదిలో తేమ పెంచే యంత్రం) వచ్చే, సెకనుకి 17 లక్షల సార్లు కంపించే 1.7 మెగాహెర్ట్జ్ బిళ్లతో జింక్ ఎసిటేట్ ద్రావణాన్ని పొగమంచులా లేపి, వేడి గాజు స్లైడ్ మీదికి వదిలితే జింక్ ఆక్సైడ్ పూతకి బదులు తెల్లపొడి రాలుతోందని.

చాలామంది బిళ్ల మార్చమన్నారు. పాపం, తప్పు దానిది కాదు. ఆ ఫ్రీక్వెన్సీకి తుంపర సైజు సుమారు 3 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). నేనేమో హాట్‌ప్లేట్ 450 డిగ్రీల్లో పెట్టాను. తుంపరలు గాజుని తాకకముందే గాల్లోనే ఎండి పొడైపోతున్నాయి. 380కి దించాక పొడి ఆగింది.

వెంటనే ఇంకో తలనొప్పి: పూత మీద టీ గ్లాసు పెట్టి తీసినట్టు గుండ్రటి మరకలు. టార్చి వేసి చూస్తే, పొగమంచుని స్లైడ్ దగ్గరికి తెచ్చే గొట్టం గోడలకి పట్టిన తేమ బొట్లుగా కలిసి జారి పడుతోంది. గొట్టాన్ని కొంచెం ఎత్తుగా వంచితే బొట్లు వెనక్కి, ద్రావణం ఉన్న డబ్బాలోకే పోతున్నాయి. దీనికి రెండు వారాలు పట్టింది!

ద్రావణం తెల్లగా మసకబారితే రెండు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వేయమన్నవారికి దండం, పనిచేసింది. ఇప్పుడు స్లైడ్‌ని ఏటవాలుగా పట్టుకుంటే లేత ఊదా, ఆకుపచ్చ మెరుపు. గోటితో గీకినా రాలేదు. అంచుల్లో మాత్రం ఇంకా పలచనే.